కరెంటు లేని బోర్డు ‘బాగున్నాను’ అంది

స్విచ్చి ఆపితే యంత్రం ఆగిపోతుందని మీకు కాలేజీలో ఎవరూ పాఠంగా చెప్పి ఉండరు. చెప్పనక్కర్లేదనుకుంటారు. అందుకే మీరు ఆ మాటను గట్టిగా నమ్ముతారు. నేనూ నమ్మాను, వినుకొండ దగ్గర పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో అది తప్పని కళ్లతో చూసేదాకా.

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, గుంటూరులో కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సర్వీసు ఇంజినీరుగా చేరాను. అక్కడే రిటైరయ్యాను. పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, చేలల్లో మోటారు స్టార్టర్లు, ఏ ఎలక్ట్రానిక్ పెట్టె మొరాయించినా బస్సెక్కి దాని దగ్గరికి వెళ్లడమే నా పని. ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వచ్చినవి రెండు, రెండూ ఆలస్యంగానే. తేదీలూ కొలతలూ రాసుకునే అలవాటు నాకుంది. తేదీలు మాత్రం ఇవ్వను, ఇందులోని మనుషులు ఇంకా అదే రోడ్డు మీద తిరుగుతున్నారు. వోల్టేజీలు ఇస్తాను. వాటికి ఎవరి మొహమాటమూ లేదు.

ఆపినా ఆగని పెట్టె

మిల్లులో పత్తి బేళ్లను తూచే కాటా ఉంది. దాని అంకెలు చూపే పెట్టె ఒక అంకె దగ్గర బిగుసుకుపోయింది. కాటా మీద బేలు ఉన్నా లేకపోయినా అదే అంకె.

“ఆపి వేశానండి. మళ్లీ ఆపాను, మళ్లీ వేశాను. మొండి ముండమోపి, కదలదు,” అన్నాడు కాటా దగ్గర పనిచేసే ఆయన.

నేనూ ఆపి చూశాను. అంకెలు ఆరిపోయాయి. తిరిగి వేస్తే అదే అంకె వచ్చింది. నిజంగా ఆగిన యంత్రం మళ్లీ మొదలైనప్పుడు అన్నీ మరిచిపోయి సున్నా నుంచి లేవాలి. ఇది మరవలేదంటే ఆగలేదన్నమాట. ఈసారి స్విచ్చి ఆపి, మూత విప్పి చూస్తే లోపల ఒక చిన్న దీపం మసగ్గా వెలుగుతోంది. ప్లగ్గు గోడ నుంచి పీకేశాను. అయినా వెలుగుతోంది.

ఆ పెట్టెకు రెండు తీగలున్నాయి. ఒకటి కరెంటుది. రెండోది ఆఫీసు గదిలోని కంప్యూటరుకు అంకెలు మోసేది. ఆ రెండోది పీకగానే దీపం ఆరింది. మళ్లీ అన్నీ కలిపి వేస్తే కాటా సున్నా చూపించింది.

రైతులకు నేను ఇలా చెబుతాను. మీ బోరు పైపూ పక్కాయన బోరు పైపూ ఎక్కడో కలిపారనుకోండి. మీరు మీ మోటారు ఆపేశారు. ఆయన మోటారు నడుస్తోంది. మీ కుళాయి తిప్పితే సన్నగా నీళ్లొస్తాయి. అవి ఆయన నీళ్లు. మీ మోటారు ఆగిందా అంటే ఆగింది. మీ పైపు ఎండిందా అంటే లేదు.

చిప్పుల్లో జరిగేదీ ఇదే. చిప్పుకు తీగలు తగిలే ప్రతి కాలి దగ్గరా తయారుచేసినవాళ్లు కరెంటును ఒకే వైపు పోనిచ్చే ఒక చిన్న డయోడ్ పెడతారు. కాలి మీదికి ఎక్కువ వోల్టేజి వస్తే దాన్ని చిప్పు సరఫరా వైపు మళ్లించి కాపాడటానికి. మంచి ఉద్దేశమే. కానీ చిప్పుకు సరఫరా లేనప్పుడు, అవతలి బోర్డు ఆ కాలి మీద ఐదు వోల్టులు పెడితే, ఆ డయోడ్ గుండా కరెంటు దొడ్డిదారిన లోపలికి వస్తుంది. డయోడ్ ఒక సున్నా పాయింట్ ఏడు ఉంచుకుంటుంది. మిగతాది బోర్డంతా పాకుతుంది. నాలుగు పాయింట్ మూడు వోల్టులతో చాలా చిప్పులు హాయిగా బతుకుతాయి. కొన్ని సగం బతుకుతాయి. ఆ సగం బతికినవే ప్రమాదం. చచ్చిన పరికరం మౌనంగా ఉంటుంది, సగం బతికింది మాట్లాడుతుంది.

మా బాసు

మా కంపెనీ యజమాని శేషగిరి గారు. నాకు సోల్డరింగు సరిగ్గా నేర్పింది ఆయనే. ఆడపిల్లను ఊళ్ల మీదికి సర్వీసుకు పంపడమేమిటని చుట్టాలంతా అంటున్న రోజుల్లో, “ఆ పిల్ల చేతిలో మీటరుంది, మీ చేతిలో ఏముంది?” అని నోరు మూయించినదీ ఆయనే. ఈ మాటలు ముందే రాస్తున్నాను, ఎందుకంటే తరువాత రాసేవి అంత బాగుండవు.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. మన పెట్టె మన గుమ్మం దాటేటప్పుడు బాగుంటే చాలు. బయట దాన్ని దేనికి కలుపుతారో మనకెందుకు? ఇది తప్పుడు సిద్ధాంతమని ఆయన ముందే చాలాసార్లు అన్నాను. రెండు మంచి బోర్డుల్ని కలిపితే ఒక చెడ్డ వ్యవస్థ కావచ్చు. మొదటి బోర్డు ఒక కంపెనీది, రెండో బోర్డు ఇంకో కంపెనీది, మధ్యలో తీగ ఎవరిదీ కాదు. అవతలి మనిషి ప్రాణం ఆ తీగ మీద ఆధారపడితే అప్పుడు అది ఎవరిది? నాది అని చెప్పుకోవడమే సర్వీసు ఇంజినీరు ఉద్యోగం. మిగతాదంతా స్క్రూలు విప్పడం.

ఫ్యాన్లు ఆపితేనే లోపలికి

గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో చూసినవాళ్లకు తెలుసు. లోపల ఫ్రిజ్‌లో ఉన్నంత చలి. ఆ చలిని పుట్టించేది అమ్మోనియా. గొట్టాల్లో ఉన్నంతసేపు మంచిది. బయటికి వస్తే కళ్లు మండి, గొంతు పట్టేసి, ఊపిరి ఆడదు. అందుకని ఒక్కో ఛాంబరులో ఒక సెన్సరు బోర్డు, బయట ఆఫీసులో ఒక ప్యానెలు ఉంటాయి. సెన్సరు బాగుండి గ్యాసు లేకపోతే ప్యానెలు మీద పచ్చదీపం. గ్యాసు తగిలినా, సెన్సరు పలకకపోయినా ఎర్రదీపం, సైరను.

నేను చెప్పబోయే స్టోరేజిలో సెన్సరు బోర్డు మా కంపెనీది. ప్యానెలు వేరేవాళ్లది. దానికి బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా నడుస్తుంది. బిగించిన రోజున అవతలి కంపెనీ మనిషీ మా మనిషీ కలిసి పరీక్షించారు. గ్యాసు చూపిస్తే సైరను మోగింది. తీగ పీకితే ఎర్రదీపం వెలిగింది. ఇద్దరూ టీ తాగి వెళ్లిపోయారు.

ఆ ఛాంబర్లలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే ముఠాకు ఒక పద్ధతి ఉంది. ఫ్యాన్లు ఆపితేనే లోపల అడుగు పెడతారు. టిక్కీ భుజానికెత్తుకుని చెక్కమెట్ల మీద పై అంతస్తుకు ఎక్కేసరికి ఒళ్లంతా చెమట. ఆ చెమట మీద చల్లగాలి విసిరికొడితే సాయంత్రానికి జ్వరం ఖాయం. నేను చూసిన ఏ స్టోరేజిలోనైనా ముఠా మేస్త్రీ ముందు చేసే పని ఛాంబరు బయట ఉన్న పెద్ద స్విచ్చి ఆపడం. ఎన్నాళ్లనుంచో ఉన్న పద్ధతి అది. వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్‌కూ అది తెలుసు. అయినా సెన్సరుకు వేరే లైను లాగడం దండగనుకుని, ఆ ఫ్యాను స్విచ్చి నుంచే దానికి కరెంటు ఇచ్చాడు.

అంటే లోపల మనుషులు లేనంతసేపు సెన్సరు మెలకువగా ఉంటుంది. మనుషులు లోపలికి వెళ్లగానే దానికి కరెంటు పోతుంది.

మిర్చి వచ్చి పడుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆ ముఠాలో ఇద్దరు లోపల కూలబడ్డారు. మేస్త్రీ నాగయ్య వాళ్లను ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. ఒకతను వెంటనే తేరుకున్నాడు. రెండో అతను రాములు, నాగయ్య బావమరిది, కళ్లకు కట్టుతో ఆసుపత్రిలో ఉన్నాడు. సైరను మోగలేదు. ప్యానెలు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

నాగయ్య చెప్పింది ఇది. పని మొదలుపెట్టకముందే ఘాటు వాసన వచ్చింది, బయటికొచ్చి మేనేజరుకు చెప్పాను, ఆయన ప్యానెలు వైపు చూసి పచ్చలైటు ఉంది పోండన్నారు. మేనేజరు ప్రసాద్ గారు స్టోరేజి యజమానికి అల్లుడు. ఆయన చెప్పింది ఇది. నాగయ్య నా దగ్గరికి రానేలేదు, గ్యాసు ముందే ఉంటే సైరను మోగేది, తాగి వచ్చి టిక్కీల్ని అమ్మోనియా గొట్టం కవాటానికి గుద్ది, ఇప్పుడు కథలు చెబుతున్నాడు.

ముఠాను మార్చేస్తామన్నారు. నాగయ్య మీద పోలీసు కేసు పెడతామన్నారు. దానికి వాళ్లకు కావలసింది ఒకే ఒక్క కాగితం. అలారం సరిగ్గా పనిచేస్తోందని మా కంపెనీ సంతకం.

మీటరు ముందు

శేషగిరి గారు నన్ను పిలిచి, “మన బోర్డు చూసి, బాగుంటే బాగుందని రాసిచ్చి రామ్మా. ఎక్కువ సేపు ఉండక్కర్లేదు,” అన్నారు.

వెళ్లాను. బోర్డు బాగుంది. దూదికి అమ్మోనియా నీళ్లు అద్ది సెన్సరు దగ్గర పట్టుకుంటే సైరను అదిరిపోయింది. ప్రసాద్ గారు వాచీ చూసుకున్నారు.

“అయిపోయింది కదా మేడమ్. రాసివ్వండి.”

ఛాంబరు తలుపు పక్కన నాగయ్య నిలబడి ఉన్నాడు. అతన్ని అడిగాను, “ఆ రోజు మీరు లోపలికి పోయేముందు ఏం చేశారు నాగయ్యా? ప్రతిదీ చెప్పు.”

“ఏం జేస్తామండీ. తువ్వాలు తలకి చుట్టుకున్నాం. ఫ్యాన్లు ఆపినాం. పోయినాం.”

“ఎక్కడ ఆపారు?”

పెద్ద స్విచ్చి చూపించాడు. అక్కడి నుంచి బయల్దేరే తీగల్లో ఒకటి మా బోర్డు దాకా పోవడం చూశాను. వినుకొండలో మసగ్గా వెలిగిన దీపం గుర్తొచ్చింది.

“ఆపు,” అన్నాను. ఆపాడు. ఆఫీసులోకి వెళ్లి ప్యానెలు చూశాను. పచ్చదీపం. ఛాంబరులోకి వెళ్లి మా బోర్డు చిప్పు దగ్గర మీటరు పెట్టాను. సున్నా రావాలి. మూడు పాయింట్ తొమ్మిది వచ్చింది. డయోడ్ లెక్కన నాలుగు పాయింట్ మూడు. పొడుగాటి తీగ కొంత తింది, బోర్డు కొంత తాగింది. లెక్క సరిపోయింది.

ఏం జరిగిందో విడమరిచి రాస్తాను, ఇది మీకు పనికొస్తుంది. ప్యానెలు తన బ్యాటరీతో, ‘ఉన్నావా?’ అని అడిగే తీగ మీద ఎప్పుడూ ఐదు వోల్టులు నిలిపి ఉంచుతుంది. మా బోర్డుకు కరెంటు పోగానే ఆ ఐదు వోల్టులు డయోడ్ గుండా మా చిప్పును బతికించాయి. చిప్పు ‘ఉన్నాను, బాగున్నాను’ అని జవాబిచ్చింది. కానీ గ్యాసును పసిగట్టే భాగం పనిచేయాలంటే అది లోపల వేడిగా ఉండాలి. ఆ వేడికి వేరే సరఫరా కావాలి, అది ఆగిపోయింది. చల్లారిన సెన్సరుకు ప్రపంచంలో ఎక్కడా గ్యాసు లేదు. చిప్పు దాన్ని చూసి గ్యాసు లేదని చెప్పింది. నోరు పనిచేస్తోంది, ముక్కు పనిచేయడం లేదు. తీగ పీకితే ఎర్రదీపం రావడం చూసి, కరెంటు పోయినా అలాగే వస్తుందని అందరూ అనుకున్నారు. తీగ పీకడం వేరు, కరెంటు పోవడం వేరు. ఎవరూ ఒకవైపు ఆపి చూడలేదు.

ప్రసాద్ గారిని పిలిచి, ఫ్యాన్లు ఆగి ఉండగానే మళ్లీ దూది పట్టుకున్నాను. సైరను లేదు. పచ్చదీపం చెక్కుచెదరలేదు. ఆ ఘాటుకు నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“అసలు వాళ్లెందుకు ఆపాలండీ ఫ్యాన్లు? ఆపమని నేను చెప్పానా?” అన్నారాయన. “తప్పెవరిది మరి?”

“లోపల ఒక్క టిక్కీ మోసి చూడండి, ఎందుకు ఆపుతారో తెలుస్తుంది. మనుషులు పనిచేసే తీరుకు తగ్గట్టు తీగలు వేయాలి కానీ, తీగలకు తగ్గట్టు మనుషుల్ని చలిలో నిలబెట్టకూడదు.”

“మీరు పరికరం సంగతి చూడండి మేడమ్. దీపం పచ్చగానే ఉంది కదా.”

“ఉంది. ఈ అమ్మోనియా సీసా మూత తీసి లోపల పెడతాను. మీరు లోపల కూర్చోండి, నేను తలుపు వేస్తాను. దీపం ఎర్రబడగానే తీస్తాను.”

ఆయన ముఖం మాడిపోయింది. వెనక నుంచి నాగయ్య, “పచ్చలైటుందిగా అల్లుడుగారూ, పోండి. మమ్మల్ని అట్టాగే గదా పొమ్మంది,” అన్నాడు. ముఠా వాళ్లు కొందరు నవ్వారు. నాగయ్య నవ్వలేదు.

నాలుగు వాక్యాలు

రిపోర్టులో నాలుగు వాక్యాలు రాశాను. సెన్సరు బోర్డుకు కరెంటు ఉన్నప్పుడు అది సరిగ్గా పనిచేస్తోంది. ఫ్యాను స్విచ్చి ఆపితే దానికి కరెంటు ఉండదు. అప్పుడు కూడా ప్యానెలు తీగ నుంచి వచ్చే కరెంటుతో అది బాగున్నట్టు జవాబిస్తుంది కానీ గ్యాసును పసిగట్టదు. కాబట్టి ఛాంబరులో మనుషులు ఉన్నప్పుడు వెలిగిన పచ్చదీపం దేనికీ సాక్ష్యం కాదు.

శేషగిరి గారు చదివి కళ్లజోడు తీశారు. “మొదటి వాక్యం చాలమ్మా. అందులో అబద్ధం లేదుగా?”

“లేదు సార్.”

“మరి?”

“నాలుగూ ఉంటేనే సంతకం పెడతాను.”

“వాళ్లు మన దగ్గర మళ్లీ ఏమీ కొనరు. చుట్టుపక్కల స్టోరేజీలన్నీ వాళ్ల చుట్టాలవే. నువ్వు ఆ నాగయ్యకేమైనా చుట్టానివా? వాడు నిజమే చెబుతున్నాడని నీకెట్లా తెలుసు?”

నాకు తెలియదు. అదే చెప్పాను. నాగయ్య ముందు బయటికొచ్చి చెప్పాడో లేదో నా మీటరు చెప్పదు. టిక్కీ కవాటానికి తగిలిందో లేదో కూడా చెప్పదు. అతడిది అబద్ధమని చెబుతున్న దీపమే అబద్ధమని మాత్రం చెబుతుంది. అంతవరకే రాశాను. అంతకు ఒక్క మాట తగ్గించి రాయమన్నా రాయనన్నాను.

“అయితే ఇంకొకరి చేత రాయిస్తా.”

“రాయించండి. ఆయన్ని ఫ్యాన్లు ఆపి కొలవమనండి.”

ఆయన ఇంకొకరిని పంపలేదు. ఇది ఆయన మంచితనమా, భయమా అని నేనిప్పటికీ తేల్చుకోలేదు. నాలుగు వాక్యాలతోనే కాగితం వెళ్లింది. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చదివి, ఫ్యాన్లు ఆపించి, దూది తానే పట్టుకుని చూశాడు. నాగయ్య మీద కేసు పెట్టలేదు. ముఠాను మార్చలేదు. ప్రసాద్ గారు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. రాములుకు ఒక కన్ను పూర్తిగా బాగుపడింది, రెండోదానికి మసక మిగిలింది. ఆ మసకను ఏ రిపోర్టూ తీయదు.

నన్ను కోల్డ్ స్టోరేజీల పని నుంచి తప్పించి పొదిలి వైపు మోటారు స్టార్టర్లకు వేశారు. ఎండలో, బస్సులు దొరకని ఊళ్లలో. శిక్ష అనుకున్నారు. వెళ్లాను. పాత పని మళ్లీ ఇమ్మని ఒక్కసారి కూడా అడగలేదు.

మీరు చేయవలసింది

రెండు బోర్డులు కలిపేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, ఒకటి ఆగి రెండోది నడుస్తుంటే ఏమవుతుంది అని. కాగితం మీద జవాబు రాసుకుని ఊరుకోకండి. ఆపి చూడండి. తరువాత తిరగేసి ఆపండి. ఆగిందనుకున్న బోర్డు మీద మీటరు పెట్టి, సున్నా వచ్చేదాకా దాన్ని ఆగిందని అనకండి.

సరఫరాలు వేరువేరుగా ఉన్న బోర్డుల మధ్య తీగను నేరుగా చిప్పు కాలికి తగిలించకండి. వెలుగు ద్వారా సంకేతం పంపే ఆప్టో కప్లర్ పెడితే, అవతలికి కబురు పోతుంది కానీ బోర్డును బతికించే కరెంటు పోదు. కేవలం ఒక రెసిస్టరు పెట్టి చేతులు దులుపుకోవద్దు. కరెంటు తగ్గుతుంది, ఆగదు. ఈ రోజుల్లో చిప్పులు అంత కొంచెంతో కూడా బతికేస్తున్నాయి. ‘బాగున్నాను’ అనే మాటను ముక్కు వేడిగా ఉందో లేదో చూసుకున్నాకే చెప్పనివ్వండి. ఆ స్టోరేజిలో చివరికి చేసినవి ఇవే. సెన్సరుకు బ్యాటరీ ఉన్న వేరే లైనూ లాగారు.

మీ బాసు ‘మన బోర్డు బాగుందిగా’ అంటారు. అందరు బాసులూ అంటారు. తీగ ఎవరిదని అడగండి. జవాబు రాకపోతే మీదేనని రాసుకోండి.

సైరను

తీగలన్నీ మార్చాక కూడా నాగయ్య ముఠా మామూలుగా పనిలోకి దిగలేదు. అధికారి ఎదుటే ముఠావాళ్లు ఒక షరతు పెట్టారు. ప్రతి ఉదయం ఫ్యాన్లు ఆపాక, మేస్త్రీ దూది పట్టుకుంటాడు. సైరను మోగితేనే లోపలికి. మోగకపోతే ఆ రోజు టిక్కీ కదలదు.

మరుసటి మిర్చి కోతల సమయంలో నేను పొదిలి దగ్గర ఒక చేను గట్టు మీద ఉండగా శేషగిరి గారి ఫోను వచ్చింది.

“ఆ సైరనుకు ఒక చిన్న స్విచ్చి పెట్టమంటున్నారమ్మా. రోజూ పొద్దున్నే మోగుతోందట. సరుకు చూడటానికి వచ్చినవాళ్లు బెదిరిపోతున్నారట. పరీక్ష చేసే కాసేపు నోరు మూస్తే చాలు. నువ్వే చేయాలంట, ఆ వైరింగు నీకే తెలుసని.”

“పెట్టను సార్.”

“ఐదు నిమిషాల పనే కదా భారతీ.”

“కాసేపు మూయగలిగేది రోజంతా మూయగలదు. నేను పెట్టను, మీరు ఎవర్నైనా పంపితే పరీక్ష చేయించిన అధికారికి ఆ సంగతి రాస్తాను.”

ఆయన స్విచ్చి మాట వదిలేశారు. తరువాత, “గుంటూరు ఎప్పుడొస్తావు?” అన్నారు. పని అయ్యాక వస్తానని చెప్పి పెట్టేశాను.

అయినా నమ్మకం చాలక మర్నాడు పొద్దున్నే నాగయ్యకు ఫోను చేశాను. ఎవరైనా వచ్చి సైరను దగ్గర ఏమైనా బిగించారా అని అడిగాను.

“ఎవురూ రాలేదు మేడంగారూ. వస్తే నిచ్చెన ఎక్కనిస్తామా? ఉండండి, ఇప్పుడే ఫ్యాన్లు ఆపినాం. పెట్టెయ్యమాకండి.”

అవతల చెప్పుల చప్పుడు, ఎవరో దగ్గడం వినిపించాయి. ఆ తరువాత సైరను ఎంత గట్టిగా మోగిందంటే ఫోను చెవి నుంచి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. నాగయ్య దాని మీదుగా అరిచి చెప్పాడు.

“మోగింది. పోతన్నాం లోపలికి.”